పామర్రు బ్యాంకులో అమ్మవారి జడలు

బోర్డు సంగతి

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర సందులో నా పార్లర్ ఉన్న ఆఖరి సంవత్సరాల్లో మా బోర్డు మీద "ఇచ్చట లాకులు వేయబడును" అని ఉండేది. నేను రాసిచ్చిన మాట "లాక్స్". బోర్డు రాసే పెద్దాయనకు అది మింగుడుపడలేదు. "లాక్స్ ఏంటమ్మా, నోట్లో ముల్లు గుచ్చుకున్నట్టు. లాకులు అంటే చిన్నపిల్లాడిక్కూడా తెలుసుద్ది" అని తన చేత్తో దిద్దేశాడు.

ఆయన చెప్పింది నిజమే. కృష్ణా డెల్టాలో లాకులంటే తెలియనివాళ్లు ఉండరు. కాలవ నీళ్లను ఆపి వదిలే తలుపులు. బోర్డు ఎక్కిన వారంలోనే దివిసీమ వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు.

"ఏవండీ, మా కాలవకి నీళ్లెప్పుడు వదుల్తారండీ?"

"ఇది జుట్టు పార్లరండీ."

"అయితే ఏవైందండీ. లాకులెత్తేవోడు అక్కడే ఎక్కడో ఉంటాడుగా, ఫోనోసారి ఆయనకివ్వండి."

ఆయన తర్వాత బీరువా తాళంచెవి పోగొట్టుకున్నవాళ్లు కూడా చేశారు. తప్పులు దిద్దే ఉద్యోగం కొన్నాళ్లు చేసిన మనిషిని, బోర్డును మాత్రం దిద్దించలేదు. నవ్వుకుంటూ లోపలికి వచ్చే మనిషి తల సగం మెత్తబడే వస్తుంది. మన పనికి అది మంచిది.

ఇప్పుడు పార్లర్ లేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి "ఏ కోర్సు చెయ్యాలి ఆంటీ, ఏ మెషీన్ కొనాలి?" అని అడుగుతుంటారు. ఆ సంగతులు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది కొన్ని తలల గురించి. ముఖ్యంగా ఒక తల గురించి.

లాక్స్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. జుట్టును సన్నని పాయలుగా విడదీసి, ఒక్కో పాయను మెలితిప్పి, దువ్వకుండా నెలల తరబడి కాపాడుకుంటూ పోతే, లోపలి వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకుని పాయ తాడులా గట్టిపడుతుంది. వినడానికి ఏమీ చేయకుండా వదిలేసినట్టు ఉంటుంది. నిజానికి నా వృత్తిలో ఇంత చాకిరీ ఉన్న అలంకారం ఇంకోటి లేదు.

ఇద్దరు గురువులు

పార్లర్ పెట్టకముందు నేను ఒక దినపత్రికలో జిల్లా డెస్కు మీద పనిచేశాను. రాత్రి డ్యూటీ అయ్యాక ఇంటికి ఆటో దొరక్క ఆ ఉద్యోగం మానేశానంటే ఎవరూ నమ్మరు గానీ, ఉన్న కారణం అదొక్కటే. జుట్టు పని నేర్చుకోవడానికి వన్ టౌన్‌లో రుకియా ఆపా దగ్గర చేరాను. ఆపా పార్లర్ ఒకే గది, ఒకే కుర్చీ, గోడకు ఒక అద్దం. ఆ అద్దం కూడా ఒక మూల నల్లబడి ఉండేది. "ఆ మూల నా మొహం కనపడుద్ది, అందుకే మార్చను" అనేది.

ఆపా పాఠాలు చెప్పేది కాదు, తిట్టేది. మొదటివారం నేను ఒకమ్మాయికి జడ బిగించి వేస్తుంటే వెనక నుంచి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అరే బేటా, అది జుట్టా, చేంతాడా? ఆ పిల్ల కనుబొమ్మలు చూడు, నెత్తికెక్కాయ్."

నిజంగానే ఎక్కాయి. ఆ అమ్మాయి మొహమాటానికి నోరెత్తలేదు. మన ఊళ్లో ఆడపిల్లలు జడ బిగుతుగా ఉంటేనే శుభ్రంగా ఉన్నట్టని చిన్నప్పటి నుంచీ వింటారు కాబట్టి, నొప్పిని కూడా శుభ్రతలో కలిపేస్తారు. లాక్స్ విషయంలో ఇది ఇంకా ప్రమాదం. కుదుళ్లు బిగించి తిప్పితే ఆ రోజు అద్దంలో అందంగా ఉంటుంది. ఏడాది తిరిగేసరికి నుదుటి దగ్గర జుట్టు వెనక్కి నడుస్తుంది. కస్టమర్ "ఇంకొంచెం గట్టిగా తిప్పండి" అంటే తిప్పకండి. మీ చెయ్యి వాళ్ల మాట వినకూడదు, వాళ్ల కనుబొమ్మల మాట వినాలి.

రెండో గురువు గ్రేస్. టాంజానియా నుంచి వచ్చి మన దగ్గర ఒక కాలేజీలో చదువుకునేది. నా దగ్గరకు రాకముందు రెండు పార్లర్లలో ఆమె తలను దూరం నుంచి ఒక వేలితో తాకి చూసి "ఇది మావల్ల కాదమ్మా" అని పంపేశారట. నావల్ల కూడా కాదనే చెప్పాను. ఆ అమ్మాయి వెళ్లలేదు. కుర్చీలో కూర్చుని, "నో ప్రాబ్లెం ఆంటీ. నా తల, మీ స్కూల్" అంది.

హాస్టల్లో నేర్చుకున్న తెలుగుతో నాకు పని నేర్పింది. కుదురు దగ్గర ఎంత జుట్టు తీసుకోవాలి, రెండు అరచేతుల మధ్య పెట్టి ఎటు దొర్లించాలి, బయటికి వచ్చిన వెంట్రుకలను క్రోషే సూదితో లోపలికి ఎలా లాక్కోవాలి, అన్నీ. నేను అలవాటుకొద్దీ కొబ్బరినూనె సీసా అందుకుంటే నా మణికట్టు పట్టుకుంది.

"ఆంటీ, నూనె వద్దు. నూనె ఈజ్ ది విలన్."

ఈ విద్య మన ఇంట్లో పుట్టింది కాదు. గ్రేస్‌కు వాళ్ల అమ్మ నేర్పింది, ఆమెకు వాళ్ల అమ్మ. మీ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే యూట్యూబ్ అని చెప్పకండి. ఎవరి చేతులు నేర్పాయో ఆ చేతుల పేరు చెప్పండి.

లావణ్య

లావణ్య పామర్రులో ఒక బ్యాంకు శాఖలో కౌంటర్ దగ్గర పనిచేసేది. ఉండేది విజయవాడలో. రోజూ బందరు బస్సెక్కి వెళ్లి వచ్చేది. మొదటిరోజు వచ్చినప్పుడు తల మీద జుట్టు ఉందో, కాలిన గడ్డి ఉందో తెలియలేదు. పుట్టుకతో బాగా రింగుల జుట్టు. చిన్నప్పుడు వాళ్ల అమ్మ దాన్ని నూనెలో ముంచి రెండు జడలుగా అణిచింది. పెద్దయ్యాక పార్లర్ల వాళ్లు మందులు పూసి, ఇస్త్రీ చేసి అణిచారు. చివరికి జుట్టు విరిగిపోవడం మొదలుపెట్టింది.

"దీంతో పోట్లాడే ఓపిక లేదాంటీ" అంది. "దాన్ని దాని మానాన ఉండనిస్తే ఎలా ఉంటదో చూడాలని ఉంది."

పత్రికలో నేర్చుకున్న అలవాటు ఒకటి నాకు చివరిదాకా పనికొచ్చింది. పని మొదలుపెట్టేముందు అడగాలి. తలకు ఏ మందులు పూశారు, ఎన్నాళ్ల క్రితం, చెమట ఎంత పడుతుంది, ఏ నీళ్లతో స్నానం, ఇంట్లో ఎవరెవరున్నారు. ఆఖరి ప్రశ్నకు చాలామంది నవ్వుతారు. కానీ లాక్స్ వేసుకునేది ఒక్కరు, వాటితో కాపురం చేసేది ఇంటిల్లిపాదీ.

కాలిపోయిన చివర్లు కత్తిరించేసి, మిగిలిన కురచ జుట్టుకు చిన్నచిన్న మెలికలు వేశాను. లావణ్య అద్దంలో తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత మెల్లగా, "నా మొహం నాకు కనపడతంది" అంది.

ప్రేమతో పెట్టిన నూనె

లావణ్య తల్లి భారతి గారు మంచి మనిషి. అదే వచ్చిన చిక్కు. తలకు నూనె లేకపోతే కళ్లకు వేడి చేస్తుందనీ, మెదడు ఎండిపోతుందనీ గట్టిగా నమ్మే మనిషి. ఒక ఆదివారం మధ్యాహ్నం కూతురు నిద్రపోతుంటే పక్కన కూర్చుని పాయ పాయకూ కొబ్బరినూనె పట్టించింది. అది చాలక, నిద్రలేచాక తలంటి సీకాయ పొడి రుద్దింది.

మర్నాడే లావణ్యను తీసుకుని తనే నా దగ్గరకు వచ్చింది.

"చూడమ్మా, పిల్ల తలలోంచి పొడి రాల్తంది. నువ్వేం పూశావో ఏవో."

"నేనేం పూయలేదండీ. అది సీకాయండీ."

"సీకాయ మంచిదేగా?"

"మంచిదేనండీ, బయటికొస్తే."

ఇది కొత్తవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. మామూలు జుట్టులో పడిన పొడి దువ్వితే పోతుంది. మెలికలో పడిన పొడికి బయటికి దారి లేదు. సీకాయ, గోరింటాకు, సున్నిపిండి, ఇవన్నీ లోపల చేరి గట్టిపడతాయి. కుంకుడు రసం కావాలంటే గుడ్డలో వడగట్టి, పల్చగా చేసి పోసుకోవచ్చు. నూనె కావాలంటే కుదుళ్ల మధ్య మాడుకు వేలికొసతో అద్దుకోవచ్చు, అదీ తేలికపాటి నూనె. తలంటాక ఆఖరి తడి దాకా ఆరాలి. మన దగ్గర గాలిలోనే సగం నీళ్లుంటాయి. ఆరని లాక్స్‌ను ముడేసుకుంటే ఏం వాసన వస్తుందో తెలియాలంటే, వానాకాలంలో మిల్లు దగ్గర తడిసిన గోనెసంచి వాసన చూడండి.

భారతి గారికి ఆరోజు తల కడిగే పని అప్పజెప్పాను. పాయలను పిండి, కడిగి, మళ్లీ పిండి, సీకాయ వదిలేదాకా ఆమె చేతే చేయించాను. ప్రేమను వద్దనకూడదు, దానికి పని చెప్పాలి. ఆ తర్వాత ఆవిడే తన పాత పట్టుచీర చింపి దిండుకు గలేబు కుట్టింది. నూలు గలేబు పోగులు లాక్స్‌లో ఇరుక్కుంటాయి, పట్టు అయితే జారిపోతుంది. మంచి జరీ అంచు చీర. తలకు గుచ్చుకుంటుందని అంచు మాత్రం విప్పి దాచుకుంది.

ఆ తర్వాత వచ్చేవి పాయలు ఉబ్బి, పైకి లేచి, ఒక్కోటి ఒక్కో దిక్కు చూసే నెలలు. చుట్టాలు పేర్లు పెట్టే దశ ఇది. సగంమంది ఇక్కడే విప్పేసుకుంటారు. ఈ దశలో మనం చేయాల్సింది జుట్టు పని కాదు, కూర్చోబెట్టి కబుర్లు చెప్పడం. లావణ్యకు కాస్త సరదాగా ఉంటుందని కొండపల్లి బొమ్మలు చేసే ఒకాయనతో తేలిక చెక్క పూసలు చేయించి పాయలకు గుచ్చాను. ఇత్తడి రింగులు బరువై కుదుళ్లు లాగుతాయి, ఆ చెక్క ఉన్నట్టే ఉండదు. ఆయన వాటికి ఎర్రరంగు వేశాడు. చాలా బాగున్నాయనుకున్నాం ఇద్దరం.

ఒక క్రియాపదం

పామర్రు బ్యాంకులో అటెండర్ కోటయ్య అని ఉండేవాడు. ఒకరోజు ఎవరో ఖాతాదారు అతన్ని పక్కకు పిలిచి, "మేడం గారి జుట్టేంటి, అట్టయిపోయింది?" అని అడిగాడు. కోటయ్య తనకు తోచిన తెలుగులో జవాబిచ్చాడు.

"మేడం గారికి జడలు కట్టాయండి."

మేడం గారు జడలు వేయించుకున్నారని అతను అని ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. మన భాషలో జడ వేస్తే మనిషి పని. జడలు కడితే దేవుడి పని. ఉన్నట్టుండి జుట్టు తనంతట తాను జడలు కట్టిందంటే ఆ తల మీదికి అమ్మవారు వచ్చిందని అర్థం. దాన్ని దువ్వకూడదు, కత్తిరించకూడదు, కాలు తగలకూడదు. పత్రికలో మా న్యూస్ ఎడిటర్ ఒక మాట అనేవారు. "పని చేసిందెవరో చెప్పని వాక్యం వార్త కాదమ్మా, పుకారు." కోటయ్య వాక్యంలో చేసినవాళ్లు లేరు. అందుకని ఆ ఖాళీలో అమ్మవారు కూర్చుంది.

పైగా ఎర్ర పూసలు.

మొదట ఒకావిడ విత్‌డ్రాయల్ ఫారంతో పాటు మూర మల్లెపూలు లోపలికి తోసింది. మరుసటి వారం నిమ్మకాయలు. తర్వాత ఎవరో బ్యాంకు మెట్టు మీద కొబ్బరికాయ కొట్టారు. అప్పు కాగితాల మీద సంతకం పెట్టబోతూ ఒక రైతు పెన్ను లావణ్య కౌంటర్ అద్దానికి తాకించి కళ్లకద్దుకున్నాడు.

"నేను అమ్మవార్ని కాదండీ, క్లర్కుని" అని ఆమె ఎంత చెప్పినా ఒకటే జవాబు.

"అమ్మవారు ఎప్పుడన్నా ఒప్పుకుందామ్మా?"

మేనేజర్ గారు గదిలోకి పిలిచారు. ఆ సంభాషణ లావణ్య నాకు అభినయంతో సహా చెప్పింది.

"ఇది బ్యాంకమ్మా. పైనుంచి తనిఖీకి వస్తే ఏం చెప్పను? మెట్ల మీద కొబ్బరి చిప్పలు దేనికంటే ఏమని రాయను?"

"నేనేం చెయ్యనండీ?"

"ఆ జుట్టు కొట్టించేయ్. లేదంటే వెనక గదిలో కూర్చో, కౌంటర్ వద్దు." అని, లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించారట. "ఊరికే అడుగుతున్నాలే. మా బావమరిదికి ఈసారన్నా గుడివాడ ట్రాన్స్‌ఫర్ అవుద్దంటావా?"

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. అప్పటికి నవ్వులాటగానే ఉంది.

బిళ్ళలు

వెంకాయమ్మ గారు పామర్రులోనే ఉండే పెద్దావిడ. నెల మొదట్లో పెన్షన్ తీసుకోవడానికి వచ్చేవారు. ఆమెకు రక్తపోటు. డాక్టరు రోజూ బిళ్ళ వేసుకోమన్నాడు, ఆమెకు అది గిట్టదు. ఒకరోజు క్యూలో నిలబడి, వంతు రాగానే అద్దం దగ్గర వంగి, "తల్లీ, ఆ బిళ్ళలు వేసుకోమంటావా, మానెయ్యమంటావా?" అని గుసగుసగా అడిగారు.

లావణ్యకు అది వినపడలేదు. వెంకాయమ్మ గారి వెనక నిలబడిన సూరయ్య అనే ఆయన అక్కర్లేని ఫారం ఊపుతూ నింపాలా అని సైగ చేస్తుంటే, ఆయన వైపు చూసి గట్టిగా, "అవసరం లేదండీ, మానెయ్యండి" అంది.

వెంకాయమ్మ గారు ఆ పూట నుంచే మానేశారు.

నెల తిరక్కుండానే వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయారు. ఆసుపత్రిలో ఉంచి, మళ్లీ బిళ్ళలు రాసి పంపారు. ఇంటికొచ్చాక కూడా వేసుకోనన్నారు. అమ్మ వద్దంది, అంతే. ఆమె కోడలు పద్మ బ్యాంకుకే వచ్చి, అందరి ముందు లావణ్యను నిలదీసింది.

"మీరెవరండీ మా అత్తగారికి మందులు మానమని చెప్పడానికి? ఈసారి ఆవిడ లేవకపోతే మీరొచ్చి లేపుతారా?"

ఆ సాయంత్రం లావణ్య తిన్నగా నా దగ్గరకు వచ్చింది. కుర్చీలో కూర్చుని, "కొట్టేయండాంటీ. గుండు చేసినా సరే" అంది. ఏడుస్తూనే ఉంది.

రుకియా ఆపా తిట్లలో ఒకటి నాకు శాసనం. ఏడుస్తున్న తలకు కత్తెర పెట్టకూడదు. ఏడుపు ఆగాక అదే మాట మళ్లీ అంటే అప్పుడు కత్తెర అందుకోవచ్చు. టీ తెప్పించాను. ఏడుపు ఆగింది. మళ్లీ అదే మాట అంది.

"ఇష్టంగా వేసుకున్నదేనాంటీ. నా తల మొదటిసారి నాదయ్యింది. కానీ దీనివల్ల ఒక ముసలావిడ పోతే ఈ తల నేనెక్కడ పెట్టుకోను?"

నేను కత్తెర తీయకపోవడానికి కారణం జుట్టు మీద జాలి కాదు. కొట్టించుకుంటే ఏమవుతుందో ఆలోచించాను. నిన్నటిదాకా జడలున్న అమ్మ ఇవాళ గుండుతో కనిపిస్తే వెంకాయమ్మ గారు ఏమనుకుంటారు? పద్మ అన్న మాటలకు అమ్మవారు అలిగి వెళ్లిపోయిందనుకుంటారు. అలిగిన అమ్మవారి ఆఖరి మాట మందులు మానెయ్యమని. ఇక ఆ బిళ్ళను ఆమె నోట్లో వేయించగలిగినవాళ్లు పామర్రులో ఉండరు.

"జడలు కట్టలేదని ఆవిడకి నోటితో చెప్తే నమ్మరు" అన్నాను. "వేస్తుంటే చూపిద్దాం. ఆదివారం ఆవిడ ఇంటికి వెళ్దాం."

"గేటు దాకా రానిస్తారా ఆంటీ?"

"అమ్మవారు ఇంటికొస్తానంటే గేటెవరు వేస్తారే."

వెంకాయమ్మ గారి వసారా

కోటయ్యతో ముందే కబురు పంపి, క్రోషే సూది, షాంపూ, పాత టీషర్టులు సంచిలో వేసుకుని బందరు బస్సెక్కాం. నెలకోసారి చేసే కుదుళ్ల పని ఆ నెల ఇంకా చేయలేదు. అది కలిసొచ్చింది.

వెంకాయమ్మ గారు పసుపునీళ్ల చెంబుతో గుమ్మంలో నిలబడి ఉన్నారు, లావణ్య కాళ్లు కడగడానికి. లావణ్య రెండడుగులు వెనక్కి వేసింది. నేను ముందుకెళ్లి, "పెద్దమ్మ గారూ, కాళ్లు తర్వాత. ముందు తల కడగాలి. కాస్త నీళ్లు ఇప్పిస్తారా?" అన్నాను. పద్మ మూతి బిగించుకునే బకెట్‌తో నీళ్లు తెచ్చి పెట్టింది.

వసారా చివర లావణ్యను పీట మీద వంగి కూర్చోబెట్టి షాంపూ నీళ్లు పోశాను. పాయలు పిండుతుంటే నల్లటి నీళ్లు కాలవ కట్టాయి. వెంకాయమ్మ గారు చెంబు పట్టుకునే దగ్గరికొచ్చి చూశారు.

"అమ్మ తల్లో ఇంత మురికేంటి?"

"బందరు బస్సు దుమ్మండీ" అన్నాను.

ఆమె చెంబు పక్కన పెట్టి గోడకానుకుని కూర్చున్నారు. టీషర్టులతో తడి ఒత్తి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, ఒక్కో కుదురూ పట్టుకుని తిప్పుతూ సూదితో లోపలికి లాగడం మొదలుపెట్టాను. పక్కపక్క పాయలు కుదురు దగ్గర అతుక్కుపోయి ఉంటే వేళ్లతో చీల్చాను. చీల్చినప్పుడల్లా ఆమె "అయ్యో, పాపం తగుల్తది" అంటూ చెయ్యి అడ్డం పెట్టబోయేవారు. కాసేపటికి చెయ్యి పెట్టడం మానేశారు. ఇంకాసేపటికి ముందుకు జరిగి మెడ చాపారు.

"అయితే ఇయ్యి నువ్వు చేసినవా?"

"నేనేనండీ. నెల నెలా చెయ్యాలి. చెయ్యకపోతే అన్నీ కలిసి ఒకే దుంగయిపోతాయి."

"మొదటి నుంచీనా?"

"మొదటి నుంచీనండీ. మా పార్లర్‌లోనే."

ఆమె కళ్లు లావణ్య మీదికి తిరిగాయి. గొంతులో కోపం లేదు గానీ, మోసపోయిన మనిషి నిదానం ఉంది.

"మరి ఆ రోజు మందులు మానెయ్యమంది ఎవరు?"

లావణ్య తల ఎత్తబోయింది. నా చేతిలో పాయ ఉంది, ఎత్తలేకపోయింది. నేల వైపే చూస్తూ చెప్పింది.

"నేనేనండీ. కానీ మీతో కాదు. మీ వెనకాల సూరయ్య గారు అక్కర్లేని ఫారం పట్టుకునొస్తే అది నింపడం మానెయ్యమన్నా. మీరు అడిగింది నాకు వినపడలేదండీ."

"ఏ సూరయ్య? ఆ చెవిటోడా?"

"ఆయనేనండీ. అందుకే గట్టిగా చెప్పాను."

వెంకాయమ్మ గారు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. గుమ్మంలో నిలబడిన పద్మే ముందు నవ్వింది. "చెవిటోడికి చెప్పింది మీకు వినపడిందన్నమాట అత్తయ్యా."

"నోర్ముయ్యవే" అన్నారు గానీ, చెంగు కింద భుజాలు కదులుతున్నాయి.

నేను పని ఆపలేదు. ఈ వృత్తిలో ఎదుటివాళ్లు ఆలోచించుకుంటున్నప్పుడు చేతులు ఆడుతూనే ఉండాలి. ఆగితే జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. కాస్త దూరంలో ఎవరింట్లోనో కుక్కర్ కూసింది. వెంకాయమ్మ గారు మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, మా దగ్గరికొచ్చి, ఇన్నాళ్లూ అద్దం అవతల నుంచి దణ్ణం పెట్టిన తలను మొదటిసారి చేత్తో పట్టుకున్నారు. ఒక పాయను వేళ్ల మధ్య నలిపి చూశారు.

"ఏమే పిల్లా, దురద పెట్టదూ?"

లావణ్య మెడ తిప్పి ఆమె మొహంలోకి చూసింది. ఎన్ని నెలలుగానో పామర్రులో ఎవరూ ఆమెను అడగని రకం ప్రశ్న అది. వాళ్లడిగినవన్నీ వానలు, పెళ్లిళ్లు, ట్రాన్స్‌ఫర్లు.

"పెడుద్దండీ" అంది. "చెమట పట్టిందంటే ప్రాణం పోద్దండీ. కౌంటర్‌లో అందరూ దణ్ణాలు పెడతంటే గోక్కోలేక చచ్చిపోతన్నా."

"మరి గోక్కో. ఎవరొద్దన్నారు?" అని, ఆవిడే గోటితో లావణ్య మాడు మీద, పాయల మధ్య సందులో, రెండుసార్లు గీరారు. లావణ్య కళ్లు మూసుకుంది.

వెంకాయమ్మ గారు చెయ్యి చెంగుకు తుడుచుకుంటూ లోపలికి కేకేశారు.

"పద్మా, ఆ బిళ్ళల డబ్బా ఎక్కడ పెట్టావే? మంచినీళ్లు కూడా తే. చేదుగా ఏడుస్తయ్ అవి."

నాకు ఎడమవైపు తల ఇంకా సగం మిగిలి ఉంది. లావణ్యను కదలకుండా కూర్చోమని, సూది మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.